తిరిగి చెప్పేదాకా

పరుగు రేపనగా ఆటో బాబాయి బాత్రూములో జారిపడ్డాడు.

వానలో, రాళ్ళలో, చెప్పుల్లేకుండా కొండలు ఎక్కి దిగిన వంశం. అందులో పుట్టినవాడికి పడటానికి సొంత బాత్రూమే దొరికింది. చీలమండ వాచి గుమ్మడికాయంత అయింది.

"ఏం చూసుకుని నడిచావు బాబాయ్?" కాలనీ క్లినిక్కులో కట్టు కడుతూ అడిగింది నర్సు.

"ఏమీ చూసుకోలేదమ్మా. అదే కదా వచ్చిన చిక్కు."

పిన్ని గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆవిడ పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. డ్యూటీ దిగి తిన్నగా ఇటే వచ్చింది కాబట్టి చీర నిండా ఆవిరి వాసన. పట్నంలో ఏటా జరిగే పరుగులో ఈసారి ముగ్గురేసి పరిగెత్తే పందెం పెట్టారు. ఒకరు కొంత దూరం వెళ్ళి, చేతి పట్టీ విప్పి రెండోవాళ్ళకివ్వాలి, వాళ్ళు మూడోవాళ్ళకి. కాలనీ నుంచి మొట్టమొదటి టీము వీళ్ళదే. నర్సు, పిన్ని, ఆటో బాబాయి. ఇప్పుడు బాబాయి కాలు చూస్తే మూడు నెలలు పడిన కష్టం కాస్తా సబ్బునీళ్ళలో కొట్టుకుపోయినట్టే ఉంది.

"ఇంకెవరున్నారు?" అంది పిన్ని.

"ఎవరున్నారు? మనవాళ్ళంతా ఇంకా నడకకీ పరుగుకీ మధ్యలో ఎక్కడో వేలాడుతున్నారు," అంది నర్సు. "వాళ్ళని దింపితే సాయంత్రం దాకా రోడ్డు మూసి ఉంచాలి."

అప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ పెద్దోడు లోపలికి వచ్చాడు. బల్ల మీద బాబాయి నంబరు గుడ్డ ఉంటే తీసుకున్నాడు. నాలుగు పిన్నీసులూ తీసుకున్నాడు. ఎవరి మొహమూ చూడకుండా ఆ గుడ్డని తన చొక్కాకి గుచ్చుకోవడం మొదలుపెట్టాడు.



"వంకరగా పెట్టుకున్నావురా," అంది పిన్ని. అంతకంటే పెద్ద మాట అనబోతే ఏడుపొచ్చేలా ఉంది మరి.

పెద్దోడు పిన్నికి అక్క కొడుకు. అక్క పోయాక వాణ్ణి పెంచింది ఈవిడే. వాడు రాళ్ళ క్వారీలో పనిచేసేవాడు. పని ఏమిటంటే, పైన నిలబడి, వాలు చూసి, కింద ఉన్న లారీకి వాకీటాకీలో కబురు చెప్పడం. ఒకరోజు వాలు చూశాడు. బాగానే ఉంది. "దారి బాగుంది, వచ్చెయ్," అన్నాడు. కింద లారీలో ఉన్నది వాడి జతగాడు, చిన్నప్పటి నుంచీ ఒకే బెంచీ. లారీ సగం దూరం వచ్చాక వాలు మొత్తం కిందికి జారింది.

తప్పు వాడిది కాదని కంపెనీవాళ్ళే చెప్పారు. జతగాడి అమ్మ కూడా వచ్చి తల నిమిరి వెళ్ళింది. అయినా ఆ రోజు తర్వాత పెద్దోడి నోట్లోంచి మాట రాలేదు. డాక్టరు టార్చి వేసి చూసి గొంతు భేషుగ్గా ఉందన్నాడు. ఫోను బాగానే ఉంది, చార్జింగూ ఉంది, సిగ్నలే లేదు. అలా అయిపోయాడు.

పరుగులకి మాత్రం వచ్చేవాడు.

ఈ పరుగులు మొదలుపెట్టింది నర్సు. కాలనీ పిల్లే. తాతల కాలంలో ఆనకట్ట కట్టాలని కొండ మీదనుంచి అందర్నీ దింపి ఈ వరసల క్వార్టర్స్‌లో పెట్టారు. వాళ్ళతో పాటు షుగరూ బీపీ కూడా కాపురానికొచ్చి, అద్దె కట్టని చుట్టాల్లా ఇంటింటా తిష్ట వేశాయి. రోజూ గోలీలు పంచి పంచి నర్సుకి విసుగెత్తి, ఒక పొద్దున బూట్లు వేసుకుని కాలనీ చుట్టూ పరిగెత్తింది. వెంట వెళ్ళింది ముగ్గురు. నవ్వింది మిగతా కాలనీ మొత్తం.

"ఎవరు తరుముతున్నారే?" అని అరుగుల మీదనుంచి కేకలు.

నవ్వులు ఆగింది అవ్వ వల్ల. అవ్వ కాలనీకంతటికీ పెద్ద దిక్కు. ఆవిడ కర్ర పట్టుకుని వచ్చి, "ఒట్టి చేతుల్తో పరిగెడతారేంటే, కబురు లేకుండా? ఎక్కడి పిల్లలే మీరు!" అని తిట్టింది. కొండ మీద వీళ్ళ తాతముత్తాతల పనే అది. ఒక పల్లె మాట ఇంకో పల్లెకి నోటితో మోసుకెళ్ళేవాళ్ళు. అవ్వకి ఆ పద్ధతి అంతా గుర్తుంది. కబురు నోట్లో ఉన్నంతసేపూ ఇంకో మాట మాట్లాడకూడదు. అందించేటప్పుడు ఆగకూడదు. రెండోవాడి పక్కనే పరిగెడుతూ కబురు చెప్పాలి. వాడు దాన్ని పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. అది చెవిన పడ్డాకే మొదటివాడి కాళ్ళకి సెలవు.

అంతే, షుగరు కోసం వచ్చినవాళ్ళు కబురు కోసం ఉండిపోయారు. పొద్దున్నే అవ్వ ఒక మాట చెప్పేది, అది కాలనీ చివరి వరస దాకా నోళ్ళు మారుతూ వెళ్ళేది. పిన్ని పాదం మీద మానకుండా వేధించిన పుండు మానింది. నిద్ర పట్టింది. పోస్టాఫీసు మామయ్య సాయంత్రం సీసా మానేశాడు. ఎందుకు మానేశావంటే, పొద్దున తూలుకుంటూ వస్తే కబురు తప్పుగా పోతుంది, పరువు పోతుంది అన్నాడు. పెద్దోడు మాత్రం అందరికీ వెనక, కబురు అందనంత దూరంలో ఒక్కడే పరిగెత్తేవాడు. ఎవరూ వాడికి ఏమీ అందించేవాళ్ళు కాదు.

"రేపు కబురు లేదు పిన్నీ," అని నర్సు ఆ సాయంత్రం ఒట్టు వేసింది. "పట్టీ ఇవ్వడం, గీత దగ్గర ఆగిపోవడం. అంతే. గీత దాటితే టీము అవుట్, రూలు. వాడికేం ఇబ్బంది రాదు."

"అవ్వకి చెప్పావా?"

"చెప్పాను. ఊ అంది."

అవ్వ ఊ అంటే సరే అని కాదు, వినబడింది అని. ఇద్దరికీ తెలుసు. అయినా ఆ సంబరంలో ఎవరికి పట్టింది?

పొద్దున పట్నం రోడ్లు చూస్తే పిన్నికి నమ్మబుద్ధి కాలేదు. రోజూ బస్సులూ లారీలూ మీదమీదకొచ్చే రోడ్డు, ఇవాళ కడిగిన పళ్ళెంలా ఖాళీగా ఉంది. రెండు పక్కలా తాళ్ళు, తాళ్ళ వెనక జనం, మైకులో ఒకాయన ఆగని అరుపులు. పిన్ని తన గీత దగ్గర నిలబడింది. చుట్టూ అంతా కుర్రకారు, రంగురంగుల బూట్లు, చేతికి గడియారాలు. ఒక అమ్మాయి "ఆంటీ, మీరు కూడానా!" అని మురిసిపోయింది.

"కూడానే," అంది పిన్ని. "నాకింకా వయసు రాలేదనుకో."

దూరంగా మలుపులో నర్సు కనబడింది. పిన్నికి గుండె ఎగిరి గంతేసింది. ఐదోది, కాదు నాలుగోది! ముగ్గురే ముందున్నారు! "రావే నా తల్లీ, రా!" అని చప్పట్లు కొట్టబోయింది. చేతులు మధ్యలో ఆగిపోయాయి.

నర్సు నోరు మూసుకుని వస్తోంది.

నర్సు పరిగెడుతూ వాగుతుంది. ఎండనీ దుమ్మునీ కుక్కల్నీ తిట్టుకుంటూనే పరిగెడుతుంది. పెదాలు బిగించిందంటే ఒకటే అర్థం. ఓసి అవ్వా, ఎంత పని చేశావే!

పిన్ని అడుగులు వేయడం మొదలుపెట్టింది. నర్సు పక్కకొచ్చి పట్టీ చేతిలో పెట్టి, రొప్పుతూ చెప్పింది.

"దారి బాగుంది, వచ్చెయ్యండి."

పిన్నికి పై ప్రాణాలు పైనే పోయాయి. లోకంలో ఇన్ని కబుర్లుంటే ఇదా! కొండ మీద వాగు పొంగి తగ్గాక పంపే కబురు అది, అవ్వ చిన్నప్పటిది. కానీ పెద్దోడి నోట్లోంచి ఆఖరుగా వచ్చింది కూడా ఇదే కదా. అయినా కబురు కబురే. మార్చడానికి లేదు.

"దారి బాగుంది, వచ్చెయ్యండి," అని తిరిగి చెప్పింది.

నర్సు అక్కడికక్కడే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయింది. ఆగిన మాటలన్నీ ఒక్కసారి తన్నుకొచ్చాయి. "అవ్వ నా గీత దగ్గరికే వచ్చేసింది పిన్నీ! కర్ర అడ్డం పెట్టి మరీ చెప్పింది! నేనేం చెయ్యను! నువ్వు మింగేసెయ్, వాడికి చెప్పకు, విన్నావా?"

పిన్ని వింది. బదులు చెప్పడానికి లేదు. నోట్లో కబురుంది.

పరుగెత్తింది. మింగేస్తాను, అనుకుంది. పట్టీ ఇస్తాను, గీత దగ్గర ఆగుతాను, నోరు తెరవను. కబురు మింగితే ఏమవుతుంది? ఏమీ కాదు. దుప్పటి మడత ఒకటి తప్పితే ఆసుపత్రి కూలిపోతుందా? ఒక రంగు బూట్ల కుర్రాణ్ణి దాటింది. ఒంట్లోకి ఎక్కడినుంచో జవం వస్తోంది. పోయిన ఏడాది ఇదే కాళ్ళతో మేడ మెట్లు ఎక్కలేక మధ్యలో కూలబడింది. ఇప్పుడు ఇదే కాళ్ళు తారు రోడ్డు మీద దరువు వేస్తున్నాయి. ఇంకొకణ్ణి దాటింది! మైకులో అరుపు: "రెండో స్థానంలో, కాలనీ టీము... ఎవరండీ ఈవిడ!"

గీత కనబడింది. గీత అవతల పెద్దోడు, వంకర నంబరుతో, చెయ్యి వెనక్కి చాచి.

పట్టీ అందించింది. గీత వచ్చింది. గీత పోయింది. కాళ్ళు ఆగలేదు.

ఆపుదామనే అనుకుంది పాపం. కానీ కబురుతో వచ్చిన కాళ్ళకి గీతలు తెలియవు. పైగా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"దారి బాగుంది, వచ్చెయ్యండి."

పెద్దోడి అడుగు తడబడింది. మెడ తిప్పి చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. వెంటనే తల దించుకుని వేగం పెంచాడు. పిన్నీ పెంచింది.

వెనకనుంచి ఈల. అంపైరు కుర్రాడు స్కూటర్ మీద గుడుగుడుమంటూ వచ్చేశాడు. మెడలో కార్డు, నోట్లో ఈల, ఒకటే కంగారు. "అమ్మా! అమ్మగారూ! మీ వంతు అయిపోయింది, ఆగండి!"

పిన్ని పెద్దోడి వైపే చూస్తూ అంది. "దారి బాగుంది, వచ్చెయ్యండి!"

"వస్తూనే ఉన్నానండీ! మిమ్మల్నే ఆగమంటున్నాను!"

"దారి బాగుంది, వచ్చెయ్యండి!"

"ఏంటండీ ఈ పిలుపు! టీము అవుట్ అయిపోతుంది, తర్వాత నన్నంటారు!"

తాడు వెనక జనం పగలబడి నవ్వారు. ఎవరో "వెళ్ళవయ్యా, అంతగా పిలుస్తుంటే!" అన్నారు. పిన్నికి నవ్వూ వస్తోంది, ఊపిరీ అందటం లేదు. అంపైరుకి చెప్పాలని ఉంది, నాయనా, ఇది నీ పందెం కాదు, మా ఇంటి గొడవ అని. పెద్దోడికి చెప్పాలని ఉంది, ఒరేయ్, నీ తప్పు కాదురా, అందరూ చెప్పారు, నేను కూడా చెప్పాను, నువ్వు నమ్మలేదు అని. అలాంటి మాటలు ఇన్నాళ్ళూ వంటింట్లో నిలబడి ఎన్ని చెప్పిందో! ఇప్పుడు నోట్లో ఉన్నవి మూడు మాటలే. అదే మళ్ళీ చెప్పింది. మెత్తగా చెప్పింది, అన్నం తినమన్నట్టు.

పెద్దోడు ఎగువకి తిరిగాడు. ఆఖరి భాగం అంతా ఎత్తు. ఆ ఎత్తు చివర కాలనీవాళ్ళంతా తాడు పట్టుకుని నిలబడి ఉన్నారు, ఆటో బాబాయి కట్టు కట్టిన కాలు ఆటో సీటు మీద చాపుకుని. వాళ్ళకి దూరంనుంచి ఒకరు కనబడాల్సిన చోట ఇద్దరు కనబడుతున్నారు. మొదటి గీత దగ్గరనుంచి పక్క సందుల్లో ఎవరి ఆటోనో ఎక్కి వచ్చేసిన అవ్వ మాత్రం ఏమీ ఆశ్చర్యపోయినట్టు లేదు. కర్ర మీద గెడ్డం ఆనించుకుని చూస్తోంది.

పిన్ని ఎడమ బూటులో ఏదో చురుక్కుమంది. తర్వాత తడిగా అనిపించింది. అడుగు కుంటింది. పెద్దోడు కిందికి చూశాడు. తెల్ల మేజోడు మడమ దగ్గర ఎర్రగా ఉంది.

వాడికి ఆ పాదం తెలుసు. అది పుండుగా ఉన్నప్పుడు రోజూ సాయంత్రం ముందు కూర్చుని, ఒడిలో పెట్టుకుని, మందునీళ్ళతో కడిగి దూది పెట్టింది వాడే. షుగరు మనిషి కాలికి చిన్న గాయమైనా ఇంట్లో దొంగ దూరినట్టే. చెయ్యి ఊపాడు, ఆగు అని. మళ్ళీ ఊపాడు, కోపంగా. తన బూటు వైపు చూపించాడు, ఆవిడ బూటు వైపు చూపించాడు, రోడ్డు పక్క చూపించాడు.

"దారి," అంది పిన్ని. ఊపిరి తెగింది. "దారి బాగుంది. వచ్చెయ్యండి."

వాడు ఆగిపోయాడు.

పిన్ని ఆగలేదు. వాడి చుట్టూ గుండ్రంగా కుంటుతూ పరిగెత్తింది, గానుగ తిరిగినట్టు. వెనకవాళ్ళు ఒకరొకరే దాటిపోతున్నారు. రెండో స్థానం పోయింది, మూడు పోయింది. అంపైరు స్కూటర్ ఆపి ఈల నోట్లోంచి తీసేశాడు. ఆ కుర్రాడికి కూడా ఇది వేరే ఏదో వ్యవహారమని అర్థమైనట్టుంది.

పెద్దోడి నోరు తెరుచుకుంది. తుప్పు పట్టిన గేటు ముందు కదలదు, తర్వాత కిర్రుమంటుంది. అలాంటిదే ఒక శబ్దం వచ్చింది. దగ్గు కాదు, మాట కాదు.

"దా," అన్నాడు. ఆగిపోయాడు.

అప్పుడు వాడు చేసిన పని పిన్ని బతికినంతకాలం మర్చిపోదు. తలెత్తి దారి చూశాడు. నిజంగా చూశాడు, పనిలో చూసినట్టు. ఎడమ పక్క చూశాడు. కుడి పక్క చూశాడు. ఎత్తు చివర అడ్డంగా ఉన్న రోడ్డులో పోలీసాయన చెయ్యి చాచి బస్సుని ఆపి ఉంచాడు, అది చూశాడు. తాళ్ళు, తాళ్ళ వెనక పిల్లలు, కింద తడి ఉందా, రాళ్ళున్నాయా, అన్నీ చూశాడు. తొందరపడలేదు. వెనకనుంచి ఇంకో టీము దూసుకుపోయింది, పట్టించుకోలేదు. మళ్ళీ ఒకసారి ఎడమ పక్క చూశాడు.

"దారి బాగుంది," అన్నాడు పెద్దోడు.

గొంతు గరగరమంది. ఊపిరి తీసుకున్నాడు. ఈసారి ఎత్తు చివర దాకా వినబడేలా, క్వారీ అవతలి ఒడ్డుకి కేక వేసినట్టు, మెడ నరాలు పొంగేలా అరిచాడు.

"దారి బాగుంది! వచ్చెయ్యండి!"

పిన్ని కాళ్ళు ఆగిపోయాయి. ఎవరో స్విచ్చి ఆపినట్టు, అంతే.

ఎత్తు చివర ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత అవ్వ కర్ర ఎత్తి తాడు మీద ఒక్కటిచ్చింది. "వినబడలేదటే? పిలుస్తున్నాడు!"

తాడు కిందనుంచి దూరినవాళ్ళు దూరారు, మీదనుంచి దాటినవాళ్ళు దాటారు. పోస్టాఫీసు మామయ్య, ఆయన వెనక నడకకీ పరుగుకీ మధ్య వేలాడుతున్న మొత్తం కాలనీ, చీరలు ఎగ్గట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఎత్తు మీదనుంచి కిందికి వరదలా వచ్చేశారు. ఆటో బాబాయి ఒంటికాలితో గెంతుతూ, "ఆగండ్రా, నేనూ ఉన్నాను!" అని వెనక. మైకాయన గొంతు పీలగా అయిపోయింది. "దయచేసి అందరూ తాడు లోపల... అబ్బే, లోపల కాదు, బయట... ఏం జరుగుతోంది అక్కడ?"

అందరూ వచ్చి పెద్దోణ్ణి చుట్టుకున్నారు. మామయ్య వాడి వీపు మీద చరిచాడు. తర్వాత గుంపు మొత్తం వెనక్కి తిరిగి, వాణ్ణి మధ్యలో పెట్టుకుని, ముగింపు గీత వైపు ఎత్తెక్కడం మొదలుపెట్టింది.

పిన్ని రోడ్డు మధ్యలో కూర్చుండిపోయింది. ఇంతసేపూ ఆగిన మాటలన్నీ ఒక్కసారి కట్ట తెంచుకున్నాయి.

"వీడి దుంపతెగ, ఇంత సతాయిస్తాడా! మంచినీళ్ళు ఇవ్వండర్రా ఎవరైనా! నా కాలు, అమ్మా! ఇదిగో నాయనా అంపైరూ, ఇందాక బదులివ్వలేదని ఏమీ అనుకోకు, ఒట్టు, నేను మామూలుగా మర్యాదస్తురాల్నే. పెళ్ళయిందా నీకు? ఏం తింటావు, ఇంత సన్నగా ఉన్నావు?"

"అమ్మా, మీ టీము అవుట్ అండీ," అన్నాడు వాడు బాధగా.

"పోనీలే బాబూ, నువ్వు బాధపడకు. ఆ స్కూటర్ వెనక చోటుందా?"

ఉంది. ఎక్కింది. స్కూటర్ ఎత్తెక్కుతుంటే కళ్ళు తుడుచుకుంటూ, ముక్కు చీదుకుంటూ, ఆపకుండా మాట్లాడుతూనే ఉంది. లాండ్రీలో దుప్పట్ల సంగతి, బాబాయి బాత్రూము సంగతి, నర్సుకి సంబంధాలు చూస్తున్న సంగతి. నర్సు సంగతి దగ్గర మాత్రం అంపైరు అద్దంలోంచి ఒకసారి వెనక్కి చూశాడు.

ముగింపు గీత దగ్గర మైకాయన అలిసిపోయి కూర్చున్నాడు. పతకాలు ఎవరికో ఇచ్చేస్తున్నారు. పిన్నికి ముందు పెద్దోడు కనబడలేదు, వినబడ్డాడు. గొంతు బొంగురుగా, మధ్యమధ్యలో తెగిపోతూ ఉంది. గీత అవతల నిలబడి, దాటి వచ్చిన ప్రతి మనిషినీ భుజం పట్టుకుని పలకరిస్తున్నాడు. "మామయ్యా, వచ్చావా. అత్తా, నువ్వు? మోకాలు బాగానే ఉందా? బాబాయ్, ఆ కాలు నేల మీద పెట్టకు." ఒక్కొక్కరినీ కళ్ళలోకి చూసి, బాగానే ఉన్నారని ఖాయం చేసుకుని, పక్కకి పంపుతున్నాడు. వాళ్ళంతా కూడా, పిలిస్తే వచ్చాం కదా అన్నట్టు, బుద్ధిగా వరసలో నిలబడి ఉన్నారు.

పిన్ని స్కూటర్ దిగి, ఒంటికాలి మీద గెంతి గీత దాటింది. వాడు వచ్చి రెక్క పట్టుకున్నాడు. ఆవిడ వెనక, ఖాళీ రోడ్డు మీద చూపు నిలిపాడు.

"పిన్నీ, వెనక ఇంకెవరైనా ఉన్నారా?"

పిన్ని తిరిగి చూసింది. రోడ్డు కింది దాకా ఎండ తప్ప ఏమీ లేదు.

"ఎవరూ లేర్రా. అందరం వచ్చేశాం."

పెద్దోడు ఇంకాసేపు చూశాడు. తర్వాత అక్కడే, తారు మీద, కాళ్ళు చాపుకుని కూర్చుని, "మంచినీళ్ళు," అన్నాడు.